మూడంకెల పరపతి

మనకి ‘పరపతి’ అని ఒక మాట వుంది. ఫలానా ఆయనకి ఊళ్ళో మంచి పరపతి వుందంటే నలుగురిలో ఆయన మాట చెల్లుతుందని అర్థం. అదే మాటను ఏ పల్లెలోనైనా సొసైటీ గోడమీద చూడండి. ‘ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం’ అని వుంటుంది. అక్కడ పరపతి అంటే అప్పు. పలుకుబడికీ, అప్పు పుట్టడానికీ మనవాళ్ళు ఒకే మాట వాడారంటే అది ఊరికే జరగలేదు. మాట చెల్లేవాడికే అప్పు పుట్టేది. అప్పు పుట్టేవాడి మాటే చెల్లేది.

ఆ పరపతికి ఇప్పుడొక అంకె వచ్చింది. మూడు వందలకు తగ్గదు, తొమ్మిది వందలకు మించదు. ఇల్లు కట్టుకోవడానికి అప్పు కావాలన్నా, అమ్మాయి చదువుకి కావాలన్నా, ఫ్రిజ్ వాయిదాల మీద కొనాలన్నా ‘సిబిల్ ఎంత వుందండీ?’ అంటున్నారు. పూర్వం పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినంత మామూలుగా అడుగుతున్నారు. నరసరావుపేటలోనూ అదే ప్రశ్న, మాచర్లలోనూ అదే ప్రశ్న.

ఇది వినగానే రెండు సందేహాలు వస్తాయి. అప్పిచ్చేవాడు నిజంగా ఈ అంకెనే చూస్తాడా, లేక లేదనడానికి అదొక వంకా? ఇది లోకజ్ఞానానికి సంబంధించిన సందేహం. రెండోది కాస్త లోతైంది. మనిషి నమ్మదగ్గవాడా కాదా అన్నది మూడంకెల్లో తేలుతుందా? మొదటిదాని సంగతి తేల్చుకుంటే గాని రెండోదాని జోలికి పోలేం.

సుమతీ శతకకారుడు మనిషి కాపురముండదగిన ఊరికి లక్షణాలు చెబుతూ, అప్పిచ్చేవాణ్ణి వైద్యుడికంటే ముందు నిలబెట్టాడు. మెట్టసీమ వాళ్ళకి అందులో అతిశయోక్తి కనిపించదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలేదాకా మా పల్నాడుకి వానే దిక్కు. కురిస్తే పంట, కురవకపోతే అప్పు.

ఆనాటి అప్పిచ్చేవాడికి ఏ అంకే అక్కర్లేదు. ఆసామి ఎన్నెకరాలవాడో, దొడ్లో ఎన్ని పశువులున్నాయో, తండ్రి చేసిన బాకీ కొడుకు తీర్చాడో ఎగ్గొట్టాడో, ఆ ఇంటి ఇల్లాలి మెడలో ఏముందో అన్నీ కళ్ళముందే కనబడుతూ వుండేవి. నూటికి రెండు రూపాయల వడ్డీ అని మాట అనుకునేవారు. రెవెన్యూ స్టాంపు అంటించి ప్రోనోటు రాసుకునేవారు. నోటుకి మూడేళ్ళు గడువు కనుక, అవి నిండేలోగా ఎంతో కొంత కట్టి వెనక చెల్లు వేసేవారు, లేకపోతే నోటు తిరగరాసేవారు. రెండు రూపాయలంటే వినడానికి తేలిగ్గా వుంటుంది గాని అది నెలకి. ఏడాదికి ఇరవై నాలుగు. ఊళ్ళలో ఈ లెక్క ఇప్పటికీ నడుస్తూనే వుంది.

దీన్ని తలుచుకుని ‘ఆ రోజుల్లో మనిషిని చూసి ఇచ్చేవారు, ఇప్పుడు మిషను చెబితే ఇస్తున్నారు’ అని నిట్టూర్చేవాళ్ళు చాలామంది వున్నారు. ఆ నిట్టూర్పు మీద నాకు అంత గురి లేదు. మనిషిని చూసే ఇచ్చేవారు, నిజమే. కాని మనిషిలో ఏం చూసేవారు? కులం చూసేవారు. ఇంటిపేరు చూసేవారు. మీసం వుందో లేదో చూసేవారు. ఊరి చివర గుడిసెలో వుండే కూలివాడు ఎంత నిప్పులాంటి మనిషైనా, వాడికి నాలుగు వందలు పుట్టాలంటే ఏడాదికి పాలేరుగా కుదరాలి. భర్త పోయిన ఇల్లాలు పదిమందికీ తలలో నాలుకలా మెలిగినా ఆమె సంతకానికి విలువ లేదు, ఆమె పెట్టె అడుగున మిగిలిన నానుతాడుకి వుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లాడితో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1986లో. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. సెంటు భూమి పేరుమీద లేనివాళ్ళకి పరపతి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

ఇది మన ఒక్కళ్ళ కథే కాదు. 1841లో న్యూయార్కులో లూయిస్ టాపన్ అనే పట్టు వర్తకుడు, వ్యాపారుల గుణగణాలు సేకరించి అప్పిచ్చేవాళ్ళకి అమ్మే సంస్థ ఒకటి పెట్టాడు. ఊరూరా వివరాలు రాసి పంపేందుకు న్యాయవాదుల్లాంటి పెద్దమనుషుల్ని కుదుర్చుకున్నాడు. అబ్రహాం లింకన్ కూడా ప్లీడరుగా వున్న రోజుల్లో ఆ పని చేసినవాడేనట. ఫలానావాడు తాగుతాడా, కుటుంబం ఎలాంటిది, నలుగురిలో పేరెలా వుంది – ఇవన్నీ ఆ చిట్టాల్లోకి ఎక్కేవి. మన అరుగుల మీద సాయంత్రంపూట దొర్లే మాటలే, అక్కడ కాగితం మీదికి వెళ్ళాయన్నమాట. 1912లో జె.పి. మోర్గాన్ అనే మహా ధనికుణ్ణి అమెరికా ప్రతినిధుల సభవారి సంఘం పిలిచి, అప్పు ఇవ్వడానికి ఆస్తిని చూస్తారా అని అడిగితే, ఆస్తికంటే ముందు గుణాన్ని చూస్తామని చెప్పాడు. వినడానికి ఎంత బాగుంది! కాని ఆయనకి గుణం తెలిసిన మనుషులెవరు? ఆయనలాంటి మగవాళ్ళూ, ఆయన చుట్టూ మసలేవాళ్ళూ. అదే దేశంలో పెళ్ళయిన ఆడదాన్ని భర్త సంతకం తెమ్మని బ్యాంకులు అడగకుండా చేయడానికి 1974లో ప్రత్యేకంగా ఒక చట్టం కావలసివచ్చింది.

ఈ నేపథ్యంలోంచి చూస్తే అంకె అంత పరాయిదిగా కనిపించదు. 1989 నుంచి అమెరికాలో ఇప్పటి పద్ధతి స్కోరు వాడుకలో వుంది. మనదేశంలో సిబిల్ సంస్థ 2000లో పుట్టింది. ఇలాంటి సంస్థల కోసం 2005లో చట్టం వచ్చింది. ఇప్పుడు అలాంటివి నాలుగున్నాయి, మన వాడుకలో మాత్రం అన్నీ ‘సిబిలే’, వనస్పతి అంతా డాల్డా అయినట్టు. ఈ అంకె కులం అడగదు. ఆడా మగా అని చూడదు. తీసుకున్న అప్పులు గడువుకి కట్టారా, ఇచ్చిన పరిమితిలో ఎంత భాగం వాడేశారు, ఎన్నేళ్ళ చరిత్ర వుంది, ఈమధ్య ఎన్ని చోట్ల అప్పుకి అడిగారు – స్థూలంగా ఇంతే. అరుగు మీద కూచున్న పెద్దమనిషి కంటే ఈ విషయంలో అది మర్యాదస్తురాలే.

అయితే దాని చూపు తిన్నగానే వుంటుంది గాని పక్కకు తిరగదు. మీ జీతం దానికి తెలియదు. బ్యాంకులో మీరు దాచుకున్న సొమ్ము దానికి పట్టదు. అన్నిటికంటే విచిత్రమేమిటంటే, బ్యాంకులోగాని ఇంకే సంస్థలోగాని జన్మలో అప్పు చేయనివాళ్ళ గురించి అది ఏమీ చెప్పలేదు. చరిత్ర లేదు అని రాస్తుంది, లేదా ‘మైనస్ ఒకటి’ అని చూపిస్తుంది. అప్పు లేకపోవడమే భాగ్యమని విని పెరిగి, అప్పు చేసి పప్పుకూడు తినే ఇంటిని చూసి ముక్కున వేలేసుకుని, ముప్ఫై ఏళ్ళు కాపురాన్ని గుట్టుగా నెట్టుకొచ్చిన గృహిణికి లోకం ఇచ్చే మార్కు మైనస్ ఒకటి!

ఆమె అప్పులే చేయలేదంటారా? చేసింది. పక్కింట్లో తలకొట్టి కొలిచి తెచ్చుకున్న సోలెడు బియ్యాన్ని కుప్పగా పోసి తిరిగి ఇచ్చింది. అప్పుకంటే ఒక పిడికెడు ఎక్కువ పోస్తేనే ఆమెకి మనసు తేటపడేది. చీటీ పాట డబ్బు ఒక్క నెల తప్పకుండా కట్టింది. పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు ఎదురింటావిడ దగ్గర పుచ్చుకున్న చేబదులు, పాలడబ్బులు రాగానే తీర్చేసింది. ఆ వీధిలో ఆమె పరపతి తొమ్మిది వందలే. కాని ఆ వీధి దాటి బ్యాంకు మెట్లెక్కేసరికి ఆ చరిత్రంతా ఆవిరైపోతుంది.

ఇక అప్పిచ్చేవాడి దగ్గరికి వద్దాం. ఈ అంకె అతనికి నిజంగా ముఖ్యమా అంటే, ఎదురుగా వున్న మనిషి అతనికి ఎంత తక్కువ తెలిస్తే అంత ముఖ్యం. బంగారం తాకట్టు పెట్టుకునేవాడు ముందుగా త్రాసు వంక చూస్తాడు. గాజులు తూకానికి వచ్చాక మన చరిత్రతో అతనికి పని తక్కువ. ఎరువుల కొట్టు ఆయన మిరప రైతుకి విత్తనం దగ్గర్నుంచి పురుగుమందు దాకా ఖాతా మీద ఇస్తాడు. అతనికి పొలం గట్టు మీద నుంచే పైరు కనబడుతూ వుంటుంది. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు, టిక్కీలు తన కొట్టుకే రావాలన్న షరతు మీద. వాళ్ళకి పంటే హామీ. పొలం కాగితాల మీద పంట రుణం ఇచ్చే బ్యాంకు పాసుపుస్తకం అడుగుతుంది, పాత బకాయిలున్నాయేమో చూస్తుంది. ఇవేవీ లేకుండా, మన మొహం ఎరగని చోట, కేవలం మన జీతం మీదో మాట మీదో అప్పు ఇవ్వవలసివచ్చినప్పుడు మాత్రం అంకె గుమ్మంలోనే నిలబడి వుంటుంది. అక్కడ ఆగిపోయినవాళ్ళ దరఖాస్తు మేనేజరు బల్ల దాకా కూడా వెళ్ళదు.

లోపలికి వెళ్ళాక కూడా దాని ప్రభావం వుంటుంది. చాలా బ్యాంకులు గృహరుణం మీద వడ్డీని స్కోరును బట్టి కడుతున్నాయి. ఇరవై లక్షలు ఇరవై ఏళ్ళకి తీసుకున్నారనుకోండి. వడ్డీ ఎనిమిదిన్నర శాతమైతే నెల వాయిదా సుమారు 17,350 రూపాయలు. తొమ్మిది శాతమైతే 17,990 దాటుతుంది. నెలకి ఆరువందల చిల్లరే కదా అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళకి లెక్కకడితే లక్షన్నర. అమ్మాయికి రెండేళ్ళ కాలేజీ ఫీజు.

కాబట్టి వంక కాదు, నిజంగానే చూస్తారు. కాని అంకె ఒక్కటే చూసి తోసిపుచ్చడం న్యాయం కాదని పైవాళ్ళకీ తెలియకపోలేదు. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో వుంది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులోనూ ఆ మాట చెప్పింది. విద్యారుణం అడిగిన విద్యార్థికి స్కోరు తక్కువ వుందని కాదనకూడదని కేరళ హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది. చదువుకోబోయే పిల్ల రేపు సంపాదించబోయేదాన్ని చూడాలి గాని నిన్నటి అంకెను చూస్తే ఎలా?

మొహం చూసి ఇవ్వడంలో పక్షపాతం వుంది, అంకె చూసి ఇవ్వడంలో గుడ్డితనం వుంది. ఈ రెండూ కాని దారి ఏదైనా వుందా అంటే, ఆడవాళ్ళే ఒకటి వేశారు. 1976లో బంగ్లాదేశ్‌లో జోబ్రా అనే పల్లెలో మహమ్మద్ యూనస్ అనే అధ్యాపకుడు నలభై రెండు మందికి కలిపి ఇరవై ఏడు డాలర్లు తన జేబులోంచి అప్పిచ్చాడు. తర్వాత అది గ్రామీణ బ్యాంకు అయింది. మన దగ్గర 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఆడవాళ్ళని కూడగట్టాక, రోజుకి రూపాయి చొప్పున పొదుపు చేసే సంఘాలు ఊరూరా వచ్చాయి. పదిమంది కలిసి దాచుకోవడం, పదిమందీ కలిసి ఒకరికి పూచీపడటం. సెంటు భూమి లేని మనిషికి కూడా ఆ పదిమంది ముందు ఒక పరపతి వచ్చింది. పక్కింటి సోలెడు బియ్యం లెక్క మొదటిసారి బ్యాంకు పుస్తకంలోకి ఎక్కింది.

అయితే దాన్నీ పాడుచేసుకున్నాం. పదిమంది పూచీ అనేది అండగా వున్నంతకాలం బాగానే వుంది. చిన్న రుణాల కంపెనీలు వచ్చి, ఒకే మనిషికి నాలుగు చోట్ల అప్పులిచ్చి, ఒక్క వాయిదా తప్పితే మిగతా తొమ్మిదిమందినీ ఆమె గుమ్మం ముందు కూచోబెట్టేసరికి ఆ అండే ఉరితాడైంది. ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాళ్ళకి అడ్డుకట్ట వేయవలసివచ్చింది. ఆ గొడవ తర్వాతే చిన్న రుణాల వివరాలు కూడా ఈ స్కోరు సంస్థల్లోకి పోగవడం ఊపందుకుంది, ఒకరికి ఎన్ని అప్పులున్నాయో ముందే తెలియాలని. అంటే వాళ్ళ ఆరాట ఫలితంగా పల్లెల్లో ఎందరో ఆడవాళ్ళ పేర్లు మొదటిసారి ఆ చిట్టాల్లోకి వెళ్ళాయి.

ఇప్పుడు నా రెండో సందేహం. ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. ఒకాయన పట్టణంలో వ్యాపారస్తుడు. చేతిలో డబ్బు ఆడుతోంది. అయినా వాయిదా కట్టడు, ఆ డబ్బు ఇంకోచోట తిప్పుకుంటే నాలుగు రూపాయలు వస్తాయని. ఇంకొకావిడ గురజాల వైపు ఒక కౌలురైతు భార్య. ఇల్లు గడవడానికి ఆమె పేరున చిన్న అప్పు తీసుకున్నారు, నెలనెలా కడుతూ వచ్చారు. 2021-22లో మిరపతోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూత పూతంతా మాడిపోయింది. కాయ లేదు, కౌలు మాత్రం కట్టాలి. పొలం యజమాని సంతకం చేయలేదు కనుక కౌలుదారు కార్డు లేదు. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకి ఆ కార్డు ఇస్తారు గాని, సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని చాలామంది యజమానుల భయం. కార్డు లేనివాడికి బ్యాంకులో పంట రుణం పుట్టడం కష్టం. ఆమె మూడు వాయిదాలు తప్పింది.

చిట్టాలో ఇద్దరికీ ఒకటే రాత. ఇన్ని రోజులు ఆలస్యం, అంతే. ఎందుకు ఆలస్యమైందో రాయడానికి ఆ అంకెలో చోటు లేదు. ఆ మచ్చ కనీసం ఏడేళ్ళు చిట్టాలో వుంటుంది.

ఏడేళ్ళంటే మా పల్నాడువాళ్ళకి ఇంకో కథ గుర్తొస్తుంది. కోడిపందెంలో ఓడిన మలిదేవాదులు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలనీ, గడువు తీరాక మాచర్ల రాజ్యం తిరిగి ఇచ్చేయాలనీ పందెం. వాళ్ళు గడువు పూర్తిచేశారు. రాజ్యం అడగడానికి అలరాజు గురజాలకి రాయబారం వెళ్ళాడు, నలగామరాజుకి స్వయానా అల్లుడు. ఇవ్వవలసింది ఇవ్వకపోగా అతనికి విషం పెట్టారంటుంది కథ. తర్వాత నాగులేటి ఒడ్డున కారెంపూడిలో ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. వీరుల గుడి ఇప్పటికీ అక్కడ వుంది.

ఆ కథలో తప్పెక్కడుందో చూడండి. నలగామరాజు దగ్గర రాజ్యం లేక ఇవ్వకపోలేదు. వుండి ఇవ్వలేదు. దాన్ని మాట తప్పడం అంటాం. లేక ఇవ్వలేకపోయినవాడిది మాట తప్పడం కాదు, చేతకాకపోవడం. ఈ రెంటికీ మధ్య గీత గీయడం మన పెద్దవాళ్ళకి తెలుసు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలన్న పాత ధర్మంలో కూడా, జూదానికీ తాగుడికీ చేసిన అప్పులు కొడుకుని అంటవని మినహాయించారు. వడ్డీ అసలుని మించకూడదని ఒక కట్టు పెట్టారు. అంటే అప్పు ఎంత అన్నదే కాదు, ఎందుకు అన్నది కూడా న్యాయం అడగవలసిన ప్రశ్నేనని వాళ్ళు గుర్తించారు. అమలులో ఎంత జరిగింది అంటే వేరే మాట.

అప్పిచ్చేవాడు ఈ గీత గీయడు. గీయాలని నేను అనడం లేదు. అతను ఇచ్చేది ఇంకెవరో దాచుకున్న సొమ్ము. మళ్ళీ వస్తుందా రాదా అన్నదే అతని ప్రశ్న. వ్యాపారస్తుడి దురాశ వల్ల రాకపోయినా, తామర పురుగు వల్ల రాకపోయినా అతని పుస్తకంలో రానిది రానిదే. నా భయం అతని గురించి కాదు, మన గురించి. ఆ అంకె బ్యాంకులోంచి బయటకి వచ్చి మన ఇళ్ళల్లో కూచుంటోంది. 2025 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో పెళ్ళికొడుకు సిబిల్ స్కోరు బాగాలేదని అమ్మాయి తరపువాళ్ళు సంబంధం వదులుకున్నారని పత్రికల్లో వచ్చింది. చదివి చాలామంది నవ్వుకున్నారు. కొంతమంది ‘మంచి పని చేశారు’ అన్నారు కూడా. నేనూ ఆడపిల్లల పక్షాన్నే. అబ్బాయికి నెత్తిమీద ఎన్ని అప్పులున్నాయో ముందే తెలుసుకోవడం తప్పంటే ఒప్పుకోను. కట్నం డబ్బుతో బాకీలు తీర్చుకున్న పెళ్ళికొడుకుల్ని మనం తక్కువమందిని చూశామా? కాని తెలుసుకున్న తర్వాత ఇంకొక ప్రశ్న అడగాలి. ఎందుకు చేశాడు? జల్సాకా, తల్లి ఆపరేషనుకా? ఆ ప్రశ్న బ్యాంకువాడు అడగడు. పిల్లనిచ్చేవాళ్ళు అడగాలి.

ఈ మాట అన్నంత మాత్రాన అంకెని పట్టించుకోవద్దని కాదు. ముఖ్యంగా మన ఆడవాళ్ళం పట్టించుకోవాలి. ఆయన ‘ఇక్కడ సంతకం పెట్టు’ అంటే పప్పు పోపు వేస్తూ, తడిచేయి కొంగుకి తుడుచుకుని వచ్చి సంతకం పెట్టి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోవడం మన అలవాటు. ఆ సంతకం సహ దరఖాస్తుదారుగానా, హామీగానా అని అడగం. అప్పు ఆయనదే కావచ్చు, వాయిదా తప్పితే మచ్చ మన పేరు మీదా పడుతుంది. అన్నగారి కోసమో, తోటి టీచరు కోసమో హామీ వుండేవాళ్ళకీ ఇంతే. బాకీ పూర్తిగా కట్టి మూసేయడం వేరు, ఎంతో కొంతకి రాజీపడి ‘సెటిల్’ చేసుకోవడం వేరు. రెండోది చిట్టాలో వేరేగా కనబడుతుంది, తర్వాత అప్పిచ్చేవాడు దాన్ని చూసి వెనకాడతాడు. రాజీపత్రం మీద సంతకం పెట్టేముందు ఈ తేడా తెలిసివుండాలి.

మీ చిట్టా మీరు చూసుకోవచ్చు. ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఒక్కొక్కప్పుడు మన అప్పు కానిది మన పేరు మీద వుంటుంది, ఎప్పుడో తీర్చేసింది తీరనట్టు వుంటుంది. రాసి అడిగితే ముప్ఫై రోజుల్లో సరిచేయాలి. దాటితే రోజుకి వంద రూపాయలు మనకి ఇవ్వాలని 2023లో ఆదేశమిచ్చారు. పోపులడబ్బాలో చిల్లర ఎంతుందో చీకట్లో తడిమి చెప్పగలిగిన మనం, మన పేరు మీద లోకం ఏం రాసుకుందో ఏడాదికోసారి చూసుకోలేమా?

అది చూసుకున్నాక దాన్ని ఎక్కడ వుంచాలో అక్కడ వుంచేద్దాం. రేషన్ కార్డూ కరెంటు బిల్లూ పెట్టే ఫైల్లో. ఎదురింటి కోడలు చేబదులు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడి మాట పెగలక నుంచున్నప్పుడు ఆ ఫైలు తీయనక్కర్లేదు. ఆమె పోయిన ఏడు సమయానికి ఎందుకు ఇవ్వలేకపోయిందో మనకి తెలుసు. ఆసుపత్రికి క్యారేజీ మనమే పట్టుకెళ్ళాం. బ్యాంకుకి ఆ అంకె కావాలి, ఎందుకంటే బ్యాంకుకి ఆమె ఎవరో తెలియదు. తెలిసినవాళ్ళం మనం, తెలియనివాడి కొలపాత్ర అరువు తెచ్చుకోవడం దేనికి?